కింద బండే కదా!

పక్క ప్లాట్లో నాలుగు సెల్లార్లు తవ్వుతామని బిల్డరు మనుషులొచ్చినప్పుడు మా అపార్ట్‌మెంటు మీటింగులో అందరం ఒకటే మాట అన్నాం: "కింద బండే కదండీ, ఏమవుతుంది?" సెక్రటరీని కాబట్టి అభ్యంతరం లేదని సంతకం పెట్టింది నేనే. పైగా, హైదరాబాదు గ్రానైటు 250 కోట్ల ఏళ్ళ నాటిదని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను లెండి.

రెండు నెలలకి మా వంటింటి గోడకి వెంట్రుకంత బీట. బ్లాస్టింగు వల్లేనని పోట్లాటకి బయల్దేరుతుంటే, సివిల్ ఇంజనీరైన మా బావ ఆపాడు. "ముందు గొయ్యి చూద్దాం పద."

అవతలి రోడ్డు మీంచి చూస్తే మా వైపు గోడ మొత్తం కనిపించింది. పైన రెండు మీటర్ల మొరం, కింద గ్రానైటు. అందులో గీతలు గీసినట్టు పగుళ్ళు, అన్నీ గోతిలోకే ఏటవాలుగా.

"రాయి గట్టిదే. ఈ పగుళ్ళు ఎటు వాలాయన్నదే లెక్క. ఏటవాలు బల్ల మీద పుస్తకాలు పేర్చి, కింద అడ్డం తీసేస్తే జారవూ? వానకి ఆ సందుల్లో నీళ్ళు చేరితే ఇంకా సులువు. మనం నించున్న వైపు అవే పగుళ్ళు గోతికి దూరంగా లోపలికి వాలతాయి. అందుకే ఇటు భయం తక్కువ."

ఒకే గొయ్యి, ఒకే రాయి. జారే వైపు మాది!

మందేమిటంటే, ఒకేసారి అడుగు దాకా తవ్వకూడదు. కొంత తవ్వి, రాతిలోకి బెజ్జాలు వేసి, ఇనప చువ్వలు దించి సిమెంటు పాలు పట్టించాలి. పైనున్న మొరానికి మెష్ కట్టి కాంక్రీటు చిమ్మాలి. నీళ్ళు బయటికి రావడానికి గొట్టాలు వదలాలి. ఆ తర్వాతే కింది అంచె.

చిక్కల్లా ఒకటే. ఆ చువ్వలు మా స్థలం కిందికే రావాలి. బిల్డరు అనుమతి అడిగితే, "మా భూమిలోకి మీ చువ్వలేంటి?" అని తిప్పి పంపిన ఘనులం మేమే. తవ్వడానికి సరే అన్నాం, పట్టి నిలిపేదాన్ని కాదన్నాం!

మళ్ళీ మీటింగు పెట్టాను. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్ నగర్‌లో పక్క ప్లాట్లో పునాది గుంత తవ్వితే బిల్డింగు ఒరిగిపోయి, చివరికి కూల్చెయ్యాల్సొచ్చిన సంగతి గుర్తుచేశాను. గంటన్నర వాదన తర్వాత ఒప్పుకున్నారు. ఈసారి షరతులు రాయించాను: చువ్వలు పడకుండా కింది అంచె తవ్వకూడదు, కొన్నిటిని లాగి పరీక్షించి చూపించాలి, మా బిల్డింగు కదలిక వారం వారం కొలవాలి.

బీట మీద బావ ఒక గాజు ముక్క అతికించి తేదీ వేశాడు. గోడ కదిలితే అది పగులుతుందట. రోజూ పొద్దున్నే కాఫీ కన్నా ముందు దాన్నే చూస్తున్నాను. ఇవాళ్టికి బాగానే ఉంది.

మీ పక్కన కూడా తవ్వుతుంటే ఒక్కసారి అవతలి వైపు నుంచి చూడండి. మన కాళ్ళ కింద ఏముందో మన గుమ్మంలోంచి కనపడదు.