మిగిలిన మాత్రలు

మా యింట నొక బిస్కెట్ల డబ్బా కలదు. అందు బిస్కెట్లు లేక యిరువది యేండ్లయినది. జ్వరమునకు, దగ్గునకు, అజీర్ణమునకు వైద్యులు వ్రాసియిచ్చిన మందులలో మిగిలినవన్నియు నా డబ్బాను జేరుచుండెడివి. వెలపెట్టి కొన్న వస్తువును పారవేయరాదని మా తల్లిగారు మాకు నేర్పిరి. మేమును తరగతిలో పొదుపును గూర్చి బోధించువారమే గదా! కావున నా డబ్బాను జూచి లోలోన గర్వించుచుంటిమి. ఆ గర్వ మెట్లు భంగమయ్యెనో మా పాఠశాల పత్రికను జదువువారికి దెలుపుట మా విధియని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గత సంవత్సరము వేసవి సెలవులలో మా తల్లిగారికి మోకాలిచిప్ప మార్చు శస్త్రచికిత్స జరిగెను. ఇంటికి బంపునపుడు వైద్యుడు నొప్పికై ట్రమడాల్ అను మాత్రలు 15 వ్రాసియిచ్చెను. ఆమెకు నొప్పి త్వరలోనే తగ్గెను. తొమ్మిది మాత్రలు మిగిలి డబ్బాను జేరినవి.

జూలై నెలలో నొక సాయంకాలమున మా యెదురింటి బాలుడు, పదునొకండేండ్లవాడు, మా పాఠశాలలోనే చదువువాడు, బంతియాటలో కాలు మెలికపడి కుంటుచు వచ్చెను. పెద్దామె నొప్పిని బోగొట్టిన మందు వీని నొప్పిని బోగొట్టదా యని తలంచి మేమొక మాత్ర నిచ్చితిమి. రాత్రికి వేసికొమ్మని మరియొకటి చేతికిచ్చి పంపితిమి. పొరుగువారి కుపకారము చేసితిమను తృప్తితో నిద్రించితిమి.

రాత్రి పదునొకండు గంటలకు తలుపు తట్టిన చప్పుడయ్యెను. బాలుని తల్లి వాకిట నిలిచి, "సారూ, పోరడు ఎంత లేపినా లేస్తలేడు" అని యేడ్చుచుండెను. పోయి చూడగా వాని పెదవులు నీలి దిరిగియుండెను. ఒక యూపిరికిని మరియొక యూపిరికిని నడుమ మేము భయపడునంత యెడముండెను. ఆటోలో నాసుపత్రికి గొనిపోతిమి. "ఏమి మందు మ్రింగినాడు?" అని వైద్యురా లడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము మేమే చెప్పవలసి వచ్చెను. ప్రాణవాయువు నిచ్చి, విరుగుడు సూదివేసి, తెల్లవారువరకు వానిని గాచిరి. ఉదయమున వాడు కన్నులు తెరచి మంచినీళ్లడిగెను.

బాలుని తల్లి మమ్ము నొక్క మాటయు ననలేదు. వైద్యురాలితో మాత్రము, "సారు ఇచ్చిండు గదా అని ఏసిన" అనెను. ఇన్నేండ్లుగా మేము సంపాదించిన నమ్మకమే ఆ రాత్రి యా బిడ్డకు ముప్పయ్యెను.

వైద్యురాలు మాకు నెమ్మదిగా బోధించెను. ట్రమడాల్ నల్లమందు జాతి మందులవలె బనిచేయును. కాలేయము దానిని మరింత బలమైన పదార్థముగా మార్చును. కొందరి దేహములలో నీ మార్పు మిక్కిలి వేగముగా జరుగును. అపుడు శ్వాస మందగించును. అందుచేతనే అమెరికా ఔషధాధికారులు 2017లో పండ్రెండేండ్ల లోపు పిల్లలకు దీని నీయరాదనిరి. మన దేశమున 2018లో నిది మాదక ద్రవ్యముల చట్టము క్రిందికి దేబడినది. నిద్రమాత్రలతో గాని మద్యముతో గాని గలిసినచో పెద్దవారికిని ప్రమాదమే.

ఇంతమాత్రమున నీ మందులను ద్వేషింపరాదు. 1985 నాటి యా చట్టము కఠినమగుటచే ననేకులు క్యాన్సరు రోగులు మార్ఫిన్ దొరకక బాధపడిరి. 2014లో దానిని సవరించి దారి సుగమము చేసిరి. హైదరాబాదులోని ఎమ్.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్స పొందువారికి మార్ఫిన్ ఎంతటి యూరటయో అచటికి బోయినవా రెరుగుదురు. నొప్పి యున్నవానికి, వైద్యుడు చెప్పిన కొలతలో, అది మేలు. నొప్పి పోయిన పిదప డబ్బాలో దాగియున్నపుడే కీడు.

మిగిలిన యేడు మాత్రలను మేము కొన్న దుకాణమునకు దీసికొనిపోతిమి. వారు పుచ్చుకొనలేదు. చెత్తబుట్టలో వేయుదమన్న, చెత్త నేరి బ్రదుకు పిల్లల చేతికి జిక్కునేమో యని భయము. 2025 మే నెలలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ వెలువరించిన సూచనలను జదివితిమి. ట్రమడాల్, టాపెంటడాల్, మార్ఫిన్, ఫెంటనిల్ మొదలుగా 17 మందులను, తిరిగి పుచ్చుకొను వసతి లేనిచోట, మరుగుదొడ్డిలో వేసి నీరు వదలుమని యందున్నది. తక్కిన మందులను మాత్ర మట్లు చేయరాదు; అవి నీటిని చెరచును. హుస్సేన్‌సాగరు కంపు నెరిగిన మాకు సందేహము కలిగినది నిజమే. కాని యీ జాతి మందు ఒక్క మాత్రయే యొక పసివాని ప్రాణము దీయగలదు గనుక ఆ మార్గమే మేలని యొప్పుకొంటిమి. కేరళమున 2025లో కోళిక్కోడు మొదలుకొని మిగిలిన మందులను సేకరించు ఏర్పాటు చేసిరి. మన వీధులలోను నట్టిది వచ్చిన నెంత బాగుండును!

మాత్రలను నీటిలో విడుచునపుడు మా తల్లిగారు ప్రక్కన నిలిచిరి. "డబ్బు నీళ్లపాలు చేయడం ఇన్నాళ్లకు నేర్చావు నాయనా" అని నవ్విరి. అటుపిమ్మట స్ట్రిప్పుమీద నున్న తమ పేరు చీటిని తామే చించివేసిరి.

ఆ బాలు డిప్పుడు మరల బంతియాడుచున్నాడు. మమ్ము జూచినపుడెల్ల "గుడ్‌మార్నింగ్ సార్" అనుచున్నాడు. బదులు చెప్పునపుడు మా గొంతు కొంత తడబడును.

ప్రియ విద్యార్థులారా, మీ యింటను నట్టి డబ్బా యుండకపోదు. ఈ రాత్రియే మీ తలిదండ్రులతో గూడి దానిని తెరచి చూడుడు. ఒకరికి వ్రాసిన మందును మరియొకరికి, వారెంత ఆప్తులైనను, ఈయకుడు. ఎవరైన నిచ్చినను, వారు మీ ఉపాధ్యాయులే యైనను, పుచ్చుకొనకుడు.