బండి యెత్తు, చక్రపు కొలత

ఏ వస్తువునకైనను దానికి తగిన కొలత యొకటి కలదు. ఆ కొలత తప్పినచోట నందము చెడుటయే గాక ప్రయోజనమును జెడును. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశమందు వర్ధిల్లిన క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యమునకు జీవమని నిర్ణయించెను. కావ్యమును గూర్చి యాతడు చెప్పిన యీ మాట మోటారుబండికిని సరిపడునని మేము చెప్పినచో పండితులు నవ్వుదురేమో. నవ్వినను సరియే, వర్షకాలమున నొక్కమారు రొంపిచెర్ల డొంకలకు వచ్చి చూచిపోవలసినదిగా వారిని ప్రార్థించుచున్నాము.

రొంపి యనగా బురద. పేరులోనే బురద గల యీ యూరు 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట కేంద్రముగా నేర్పడిన పల్నాడు జిల్లాలోనిది. ఈ సీమలోని నల్లరేగడి నేల పత్తికిని మిరపకును తల్లివంటిది. బండికి మాత్రము సవతితల్లి. వేసవిలో నది కాలు పట్టునంతటి నెరియలు విచ్చును. వాన కురిసిన మరునాడు నీటిని త్రాగి యుబ్బి, జిగురై, చక్రమును బట్టుకొని విడువదు. టైరు గాళ్లలో మన్ను కూరుకొనిపోయి, గరుకుగా నుండవలసిన చక్రము నున్నని బంతియై యున్నచోటనే తిరుగును. కావున పొలము డొంక చివర గల రైతు, నాలుగు చక్రములకును శక్తి నందించు జీపును గోరుట విలాసమని మేమనము. అది యవసరము. పెద్దలు కొందరు బండి నెత్తు చేయించిన ప్రతి యువకుని ఆడంబరుడని నిందించుట న్యాయము కాదు.

అయితే అవసరము వేరు, అవసరము పేరు చెప్పుకొని తిరుగు డంబము వేరు. ఈ రెంటిని వేరుచేయు సాధనము నీతిశాస్త్రము గాదు, కొలబద్ద.

మా బంధువర్గములోని యువకు డొకడు క్రొత్త జీపును సంపాదించి, దాని స్ప్రింగులను మార్పించి యెత్తు చేయింపదలచి మాతో ముచ్చటించెను.

"బాబాయ్, ముందు నాలుగంగుళాలు లేపిస్తా. టైర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఎత్తు పెరిగితే బురదలో దిగబడదు గదా!"

"అబ్బాయీ, బురదలో ముందుగా తగిలేది బండి పొట్టా, వెనక ఇరుసు మధ్యలో ఉన్న ఉబ్బా?"

"ఇరుసే తగులుద్ది."

"నువ్వు స్ప్రింగులు మారిస్తే లేచేది ఏది?"

అతడు కొంతసేపు మాటాడక, లోపలికి పోయి కొలత టేపు తెచ్చి బండిక్రింద దూరెను.

విషయమంతయు నా ప్రశ్నలోనే యున్నది. ఇరుసు చక్రముల నడుమ నుండును. స్ప్రింగులు ఇరుసుమీద నుండును. బండి చట్రము స్ప్రింగులమీద నుండును. స్ప్రింగులను పొడుగు చేసినచో లేచునది చట్రమే గాని యిరుసు గాదు. గట్టు దాటునపుడు ముందుమూతియు నడుమును వెనుకతట్టును నేలకు తగులకుండుటకు ఆ యెత్తు తోడ్పడును, నిజమే. కాని వెనుక యిరుసులోని డిఫరెన్షియల్ మునుపెంత యెత్తున నున్నదో యిప్పుడు నంతే. దానిని లేపగలది చక్రమొక్కటే. అదియును చక్రమెంత పెరిగినదో అందులో సగమే.

లెక్క చెప్పెదము. 2020 అక్టోబరులో వచ్చిన థార్ బండిలో నొక రకమునకు 245/75 ఆర్ 16 టైర్లు గలవు. ఈ యంకెల యర్థ మిది: టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు, ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 75 పాళ్లు, లోపలి రిమ్ము 16 అంగుళములు. రెండు ప్రక్కగోడలును రిమ్మును గలుపగా చక్రపు టడ్డుకొలత సుమారు 774 మిల్లీమీటర్లు. దీనికి మారుగా 33 అంగుళముల టైరు, అనగా 838 మిల్లీమీటర్లది, వేసితిమనుకొందము. చక్రము 64 మిల్లీమీటర్లు పెరిగినది. ఇరుసు 32 మిల్లీమీటర్లు, అనగా అంగుళముంబావు, లేచినది. అంగుళముంబావే కదా యని తేలికగా జూడరాదు. రేగడిలో బండి గడ్డెక్కుటకును దిగబడుటకును నడుమ నున్న భేద మొక్కొక్కప్పుడు అంతే యుండును.

ఇక పెద్దచక్రము వేసి యెత్తు పెంచకున్న నేమగును? తిన్నని దారిలో నేమియు గాదు. కాని గోతిలో నొకవైపు స్ప్రింగు నొక్కుకొన్నప్పుడో, చక్రము పూర్తిగా నొకప్రక్కకు తిప్పినప్పుడో టైరు మడ్గార్డును రాచుకొనును. రాచుకొనుచు తిరుగు టైరు చీలుటకు నెక్కువ కాలము పట్టదు. కనుక చక్రము తిరుగుటకు చోటిచ్చునంత మేర చట్రమును లేపవలెను. లేపుటయొక్క ముఖ్యప్రయోజన మిదియే. చక్రము ముందు, ఎత్తు తరువాత. ముందుగా నెత్తు పెంచి పిమ్మట చక్రమును వెదకువాడు తలపాగాకు తగిన తలకొరకు వెదకువానివంటివాడు.

ఈ సూత్రమును క్రొత్తగా నమెరికావారు కనుగొనలేదు. మన పల్లెల వడ్రంగులు దీనినెరిగియే యుండిరి. ఎద్దుబండి చక్రము పెద్దదైనకొలది బురదలో సులువుగా సాగునని వారికి దెలియును. అయినను చక్రమును వలసినంత పెద్దది చేయలేదు. ఏలయన, ఇరుసు మిక్కిలి పైకి లేచినచో నొగలు ముందునకు వాలి బరువంతయు ఎడ్ల మెడలపై బడును. మిక్కిలి దిగినచో కాడి పైకి లేచి మెడ నొత్తును. ఆ యెడ్ల యెత్తునకు ఆ చక్రము. ఆ చక్రమునకు ఆ యిరుసు. నేడు ఎడ్లు లేవు. వానికి మారుగా ఇంజనున్నది. ఎద్దు మెడనొప్పిని రైతు కన్నులార చూచెడివాడు. ఇనుముయొక్క నొప్పి కంటబడదు గనుకనే మనము దాని నెరుగము.

ఆ నొప్పులు కొన్ని తెలుపుట మంచిది. చక్రము నూటికి ఎనిమిది పాళ్లు పెద్దదైనచో నొక్కొక్క చుట్టునకు బండి యంత యెక్కువ దూరము పోవును. మీటరు 60 చూపునపుడు బండి నిజముగా 65 మైళ్ల పాళ్లలోనో కిలోమీటర్ల పాళ్లలోనో యా వేగముననే పోవుచుండును. గేరుల బలము తగ్గి ఇంజను మూల్గును. బరువైన చక్రమును నిలుపుటకు బ్రేకులు మరింత శ్రమింపవలెను. థార్ వంటి బండిలో ముందుచక్రములు వేరువేరుగా కదలునవి గనుక చట్రము లేచినకొలది వానికి శక్తి నందించు కడ్డీలు ఏటవాలై కీళ్లు త్వరగా నరుగును. అన్నిటికంటె ముఖ్యమైనది, బండి బరువు పైకి బోయి, మలుపులో నది ప్రక్కకు బొర్లుటకు సిద్ధముగా నుండును. పల్నాటికి 1967లో నాగార్జునసాగరు నీరు వచ్చినది మొదలు కాలువగట్లే మాకు దారులైనవి. ఒకప్రక్క నీరు, ఒకప్రక్క పల్లము. అట్టి గట్టుమీద అనవసరముగా పెంచిన ప్రతి యంగుళమును ప్రాణముతో తూచవలసినదే.

మరియొక బాధ యే పట్టికలోను గానరాదు. ఆ యువకుని తల్లి మోకాళ్లనొప్పులు గల మనిషి. ఉన్న యెత్తుననే ఆమె వాకిటి యరుగెక్కి, అచ్చటినుండి బండిలో కాలు పెట్టుచున్నది. నాలుగంగుళములు లేచినచో నరసరావుపేట యాసుపత్రికి ఆమె బస్సులోనే పోవలెను. ఇంటి సొమ్ముతో కొన్న బండిలో ఇంటి యాడువారు ఎక్కలేకున్న, అది యెవరి బండి?

సొమ్ము మాట వచ్చినది గనుక దానిని గూడ దాచక చెప్పెదము. ఆ జీపు కట్నములో వచ్చినది. పెద్దటైర్ల వెలయు మామగారినే యడుగవలెనని యాతని యూహ. వరకట్నమును నిషేధించు చట్టము 1961లోనే పుట్టినది. అయినను మన పల్లెలలో కట్నము చక్రములు తగిలించుకొని తిరుగుచునే యున్నది. మేమాతనితో నొక్కటే చెప్పితిమి: "నీ బురద దాటడానికి ఇంకొకరి ఇంటిని బురదలో దించొద్దు." అతడు నొచ్చుకొనెను. నొచ్చుకొన్నను, నాలుగంగుళముల మాటను, మామగారి నడుగు మాటను గూడ మానుకొనెను. ఉన్న కొలతలోనే లోతైన గాళ్లు గల బురదటైర్లకై బేరమాడుచున్నాడు.

చిన్నచక్రముతో పని జరుగదనువారు రెండవ ప్రపంచయుద్ధకాలపు విల్లీస్ జీపును దలపవలెను. దాని టైర్లు 6.00-16 కొలతవి, నేటి చక్రములముందు సన్నని చక్రములే. అయినను నది ఎడారిని, అడవిని, బురదను దాటినది. దాని బరువు సుమారు 1,100 కిలోలు మాత్రమే యగుటయు, అంగములన్నియు నొకదానికొకటి తగియుండుటయు అందులకు కారణము.

చట్టము మాటయు మరువరాదు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్పరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టును ఈ నిషేధమును స్థిరపరచెను. కావున స్ప్రింగును విప్పకమునుపే రవాణాధికారిని, బీమావారిని అడిగి తెలిసికొనుట వివేకుల లక్షణము. ప్రమాదము జరిగిన పిమ్మట అడిగిన ప్రశ్నకు వచ్చు జవాబు ఖరీదైనది.

కనుక యువకులారా, క్రమ మిది. మీ డొంకలో మీ బండికి మొదట తగులునది యేదో కొలిచి చూడుడు. పొట్టయా, ఇరుసా, మూతియా? పిమ్మట టైరు గాళ్లను మార్చి చూడుడు; బురదలో గాలి కొంత తగ్గించి, రోడ్డెక్కగానే మరల నింపి చూడుడు. అంతతోనే పని నెరవేరినచో ఆగుడు. నెరవేరకున్న చట్టమంగీకరించు మేర చక్రము నెంచుకొనుడు. ఆ చక్రము రాయకుండ తిరుగుటకు వలసినంతయే యెత్తు పెంచుడు. అంతకుమించి వ్రేలెడైనను వలదు. మిగిలిన సొమ్ముతో డొంకకు నాలుగు బండ్ల కంకర తోలించినచో, జీపు లేనివాని యెడ్లును, తలపై మిరపమూట మోయు కూలిస్త్రీయు గూడ ఆ బురదను దాటుదురు.