ఇకామా మీద మా పేరు

'మీకేంది సాయిబూ, అరబ్బు దేశాలన్నీ మీవేనాయె!'

ఈ మాట మేం చిన్నప్పట్నుంచీ వింటున్నాం. చాయ్ హోటల్లో నవ్వుతూ అన్నవాళ్లున్నారు. గొడవలప్పుడు పళ్లు కొరుకుతూ అన్నవాళ్లున్నారు. సరే, మాదే అనుకుందాం. ఆ దేశం మమ్మల్ని ఏమని రాసుకుందో చెప్తాం, వినండి.

1984లో మా అబ్బా జగిత్యాల దగ్గరి మా ఊరు విడిచి సౌదీలోని దమ్మామ్ పోయాడు. అమ్మీ మెడలోని లచ్ఛా అమ్మి బొంబాయి ఏజెంటు చేతిలో పెట్టాం. ఒప్పంద పత్రం అరబ్బీలో ఉంది. అరబ్బీ అక్షరాలున్న కాయితం కింద పడితే తీసి కళ్లకద్దుకునే ఇల్లు మాది. ఖురాన్ చదవడం వచ్చు, అర్థం చెప్పమంటే రాదు. అందుకే అందులో ఏముందో తెలియకుండానే అబ్బా సంతకం పెట్టాడు.

అబ్బా దర్జీ. ఇకామా మీద మాత్రం 'ఆమిల్' అని రాశారు. మా ఉర్దూలో ఆమిల్ అంటే తావీజులు కట్టేవాడు. అరబ్బీలో కూలీ! 'కఫీల్' కూడా అంతే. మా ఉర్దూలో కఫీల్ అంటే బాధ్యత నెత్తిన వేసుకుని సాకేవాడు. అక్కడ కఫీల్ అంటే, వాడి సంతకం లేనిదే నువ్వు పని మారలేవు, దేశం దాటలేవు. 1988లో మా దాదీ పోయింది. కఫీల్ సంతకం దొరికి అబ్బా ఇల్లు చేరేసరికి దాదీ చహల్లుం కూడా అయిపోయింది. కబరు మీది మట్టి ఎండి పగుళ్లిచ్చింది. అదే మట్టి పట్టుకుని అబ్బా ఏడ్చాడు.

మూడో మాట 'హిందీ'. జాతీయత దగ్గర రాసే మాట. అరబ్బీలో భారతీయుడని అర్థం. అబ్బా గదిలోనే పక్క ఊరి హిందూ మేస్త్రీ ఉండేవాడు. ఆయనా హిందీయే. ఆ రోజుల్లో ఇకామా పుస్తకానికి ముస్లింకైతే ఆకుపచ్చ అట్ట, ముస్లిమేతరుడికి గోధుమరంగు అట్ట. అట్టల రంగులు వేరు. ఇద్దరి పాస్‌పోర్టులూ ఒకే కఫీల్ బీరువాలో. రాత్రయితే ఇద్దరూ తెలుగులోనే కష్టసుఖాలు చెప్పుకునేవాళ్లు. ఇక్కడ మమ్మల్ని 'పాకిస్తానోళ్లు' అన్నారు. పాకిస్తానీ వేరు, వీడు హిందీ అని సౌదీ వాడు కాయితం మీద రాసిచ్చాడు.

మా పెద్దలనూ ఒకమాట అడగాలి. ఉమ్మత్ అంతా ఒక్కటేనని జుమ్మా జుమ్మాకీ చెప్తారు. మరి ఈ ఉమ్మత్‌లో కఫీల్ ఎవరు? ఆమిల్ ఎవరు? ఒకే సఫ్‌లో నిలబడి నమాజు చదివిన మనిషి పాస్‌పోర్టు దాచుకునే హక్కు ఎక్కణ్నుంచి వచ్చింది? ఎన్నేళ్లు చాకిరీ చేసినా ఆ దేశం మా అబ్బాను తనవాడనలేదు. ఇకామా ఉన్నన్నాళ్లే మనిషి. అది అయిపోతే సామాను సర్దుకోవాల్సిందే.

ఇప్పుడన్నా మారిందా? 2021 మార్చి 14న సౌదీలో కొత్త నిబంధనలు అమల్లోకొచ్చాయి. ఒక యజమాని దగ్గర ఏడాది చేశాక అతని అనుమతి లేకుండానే పని మారొచ్చు. సెలవు మీద వచ్చిపోయే కాయితం కార్మికుడే తీసుకోవచ్చు. మంచిదే. కానీ ఇళ్లల్లో పనిచేసేవాళ్లనీ, ఇంటి డ్రైవర్లనీ, తోటమాలులనీ, గొర్లకాపర్లనీ ఆ నిబంధనల బయటే ఉంచారు. మా చిచ్చా కొడుకు 2022లో రియాద్ పోయింది ఇంటి డ్రైవరుగానే.

ఇక్కడి కాయితాలూ అంతే. 1983 వలస చట్టం కింద పదో తరగతి పాసవని వాడు గల్ఫ్ పోవాలంటే సర్కారు అనుమతి కావాలి. చదువులేనోడు మోసపోకూడదనే. ఏజెంటు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదని నిబంధన. మా వాడి దగ్గర ఏజెంటు లక్షన్నర గుంజాడు. రశీదు అడిగితే నవ్వాడు. బడి మానేసిన పిల్లలు మా బస్తీల్లో ఎందుకింతమంది ఉన్నారో ఏ చట్టమూ అడగదు.

మేం ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. దువా అరబ్బీలో. ఏ భాషకూ మేం పరాయి కాదు. ఎడారి దేశం మాకు కూలి ఇచ్చింది, కాదనం. ఊరు ఇవ్వలేదు. అబ్బా కబరు జగిత్యాల పక్కన దాదీ కాళ్లదగ్గరుంది. మాది ఏ దేశమని ఈసారి ఎవరన్నా అడిగితే అబ్బా పాత ఇకామా తీసి చూపిస్తాం. చదవడం రాకపోతే మేమే చదివి వినిపిస్తాం.

హిందీ.