భిలాయ్ నుంచి ఎర్ర కొండల దాకా

సెలవులకి భిలాయ్ వెళ్తున్నానంటే విశాఖలో తెలిసినవాళ్లు అడిగింది ఒకటే: "ఎవరైనా పోయారా?" మా ఉత్తరాంధ్రలో భిలాయ్ అంటే పెదనాన్నో మేనమామో ఉద్యోగం చేసిన ఊరు. పెళ్లికో చావుకో వెళ్లే ఊరు. చూడ్డానికి ఎవరూ వెళ్లరు. నాకక్కడ చుట్టాల్లేరు, ఆ ఊరికి ప్యాకేజీ టూర్లూ లేవు. ఒక గది మాట్లాడుకుని, మిగతా వారమంతా షేర్ ఆటోలు, బస్సులు, పాసింజరు బళ్లని నమ్ముకున్నాను.

విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ వెళ్లే రైలు మార్గం 1931లో పూర్తయింది. పాతికేళ్లు తిరక్కుండానే, 1955 ఫిబ్రవరి 2న, భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. మావాళ్లు భిలాయ్‌కి వలసపోవడానికి కరువనీ, భూమి లేకపోవడమనీ కారణాలు చెబుతారు, నిజమే. కానీ గుమ్మం ముందునుంచి పోయే ఈ రైలుకి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్‌లో దిగితే ఊరు రెండుగా కనిపిస్తుంది. పట్టాలకి దక్షిణాన కంపెనీ సెక్టార్లు: వెడల్పు రోడ్లు, చెట్ల నీడ, ఒకేలా ఉండే క్వార్టర్లు. ఉత్తరాన సుపేలా, పవర్‌హౌస్ బజార్లు: ఇరుకు, అరుపులు, పొద్దున్నే పోహా-జిలేబీ. 1992 జులై 1న కాంట్రాక్టు కార్మికులు బైఠాయించిందీ, పోలీసు కాల్పుల్లో చనిపోయిందీ ఈ స్టేషన్ పట్టాల మీదే. కర్మాగారం లోపలికి పాసు లేనిదే పోనివ్వరు. పొగగొట్టాల్నీ, రాత్రిళ్లు ఆకాశానికి అంటుకునే ఎరుపునీ బయటినుంచే చూడాలి.

సెక్టార్ 5లో ఆంధ్ర సాహిత్య సమితి నడిపే బాలాజీ గుడి ఉంది. అక్కడ అరుగు మీద కూర్చున్న ఓ రిటైరైన పెద్దాయన నా యాస పట్టేశాడు.

"ఏటి బాబూ, సెలవులికి భిలాయ్ వచ్చీసారా? ఇక్కడేటుందని?"

"అదే చూద్దామనండి."

"మైత్రీ బాగ్ చూసీసి ఎల్లిపోండి." కాసేపాగి ఆయనే అన్నాడు: "రైలెక్కినప్పుడు పట్టా పక్కన చూడండి బాబూ. మా అచ్చు ఉంటాది."

ఆయన రైల్ మిల్లులో పనిచేశాడట. ఇప్పుడు ఆ కర్మాగారంలో 130 మీటర్ల పట్టాలు సాగదీస్తారు, రెండేసి అతికించి 260 మీటర్లు చేస్తారు. ఆ తర్వాత ఏ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డా నా చూపు కిందికే పోయింది. పట్టా నడుము మీద కంపెనీ గుర్తు, నెల, ఏడాది అచ్చుపోసి ఉంటాయి.

ఆయన మాట తీసెయ్యకుండా మైత్రీ బాగ్‌కి వెళ్లాను. 1972లో రష్యా స్నేహానికి గుర్తుగా పెట్టిన తోట, తెల్లపులులకి ప్రసిద్ధి. పులులు నిద్రపోతున్నాయి. అంతకంటే చరోదా దగ్గర దేవబలోదా శివాలయం నచ్చింది. కలచురుల కాలంనాటి రాతిగుడి, పక్కన కోనేరు, గోడల మీద ఏనుగులు, వేట దృశ్యాలు. నేనూ, పూజారీ, రెండు మేకలూ తప్ప ఎవరూ లేరు.

కానీ ఈ ప్రయాణానికి అసలు ఫలితం దల్లీ రాజహరాలో దక్కింది. దుర్గ్‌లో పాసింజరు ఎక్కితే గుండర్‌దేహీ, బాలోద్ మీదుగా వెళ్తుంది. బాలోద్ దాకా వరిచేలు. ఆపైన అడవి, కొండలు. ఎదురుగా ఇనుప ఖనిజం నింపుకున్న వ్యాగన్లు. రాజహరాలో రోడ్డు, గోడలు, కుక్కల కాళ్లు, అన్నిటికీ ఒకటే రంగు. భిలాయ్ కొలుముల్లో కరిగేది ఈ ఎరుపే. సెక్టార్లలోని చెట్లూ ఆటస్థలాలూ ఇక్కడ వెతికినా అంతగా కనబడవు.

ఇక్కడ చూడాల్సింది షహీద్ ఆసుపత్రి. 1977లో ఇక్కడ జరిగిన పోలీసు కాల్పుల్లో చనిపోయిన గని కార్మికుల పేరుమీద, 1983లో, కార్మికులు తమ చందాలతో, తమ చేతుల కష్టంతో కట్టుకున్నది. ఆ కార్మికులకి నాయకుడు శంకర్ గుహ నియోగి. 1991 సెప్టెంబర్ 28న భిలాయ్‌లో నిద్రలో ఉండగా ఆయన్ని కాల్చి చంపారు. ఆసుపత్రి వరండాలో గోండు పల్లెలనుంచి వచ్చినవాళ్లు మూటలు పక్కన పెట్టుకుని వంతుకోసం కూర్చున్నారు. ఎవరినీ ఏమీ అడగబుద్ధి కాలేదు. బయట టీ కొట్టతను మాత్రం అడక్కుండానే చెప్పాడు, వాళ్ల నాన్న ఇక్కడ ఇటుకలు మోశాడని.

దల్లీ కొండల్లో ఖనిజం తరిగిపోతోంది. అందుకే పట్టాలు భానుప్రతాప్‌పూర్, అంతాగఢ్ దాటి బస్తర్ అంచున రావ్‌ఘాట్ గనులవైపు సాగుతున్నాయి. సెలవు మిగిలుంటే ఆ బండీ ఎక్కేవాణ్ణి. వెళ్లదలచినవాళ్లు చలికాలంలో వెళ్లండి, భిలాయ్‌కి ఎన్ని రోజులిచ్చినా రాజహరాకి కనీసం ఒక రాత్రి ఉంచుకోండి.