ఏటి ఒడ్డున జక్కవలు

మా వనపర్తికి అన్నీ ఉన్నాయిగాని సముద్రం లేదు. ఈ లోటును మా పిల్లలు ఏటా రెండు మూడుసార్లు నా దృష్టికి తెస్తూ ఉంటారు, అదేదో నా అశ్రద్ధవల్ల జరిగినట్లు. విశాఖపట్నం చూసివచ్చిన స్నేహితులు గవ్వలు చూపించి ఊరిస్తారట. రానూ పోనూ చార్జీలు, హోటలు గది, దారిలో చిరుతిళ్ళు కలిపితే ఎంత అవుతుందో గృహస్థులైన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. అందుచేత పోయిన శివరాత్రికి కలిసివచ్చిన రెండు రోజుల సెలవులో, "సముద్రం కాకపోతేనేం, దాని చెల్లెలిని చూపిస్తాను రండి" అని సోమశిల ప్రయాణం కట్టాను.

సోమశిల నాగర్‌కర్నూల్ జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. మేము పాన్‌గల్ మీదుగా కొల్లాపురం చేరి అక్కడినుంచి వెళ్ళాం. శ్రీశైలం ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళు అక్కడిదాకా పరుచుకుని ఉంటాయి. జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. మాఘమాసం వెళ్ళేనాటికి నీళ్ళు వెనక్కి జరిగి, గట్టున నడవడానికి వీలైన నేల విశాలంగా బయటపడుతుంది.

అందరూ సిద్ధమయ్యారుగాని, మా అత్తగారు మాత్రం రానన్నారు. ఆమె పుట్టింటి ఊరూ, మెట్టినింటి ఊరూ రెండూ ఆ నీళ్ళ కిందనే ఉన్నాయి. మెట్టినూరి పేరు ఇప్పుడు పటంలో లేదు గనుక నేనూ ఇక్కడ రాయడం లేదు. 1981లో ఆ ఊరు ఖాళీ అయ్యేనాటికి మా ఆవిడకు మూడేళ్ళు. ఇంటి దూలాలూ, వాకిలి ద్వారబంధమూ బండి మీద వేసుకుని వచ్చేశారు. ఆ ద్వారబంధమే నేడు మా బావమరిది ఇంటికి ఉంది. పండుగనాడు దానికి పసుపు రాయడం మా అత్తగారు ఇంకొకరికి వదిలిపెట్టరు. అంతేగాని నలభై ఏళ్ళు దాటినా ఆ ఏటివైపు తిరిగి చూడలేదు.

"ఆడ ఏమున్నది చూసేటందుకు? నీళ్ళేనా?" అన్నారు. అయితే మా చిన్నది తొమ్మిదేళ్ళ పిల్ల, అమ్మమ్మ లేనిదే కారు ఎక్కనని భీష్మించుకు కూర్చుంది. పెద్దల పంతాలు పిల్లల పంతాల ముందు ఎన్నాళ్ళు నిలుస్తాయి?

మర్నాడు తెల్లవారకముందే సోమేశ్వరుని దర్శనం చేసుకున్నాం. ఈ గుడీ, చుట్టూ ఉన్న చిన్న గుళ్ళూ మునిగిపోకుండా పైకి తరలించి తిరిగి కట్టినవే. కొల్లాపురంలోని మాధవస్వామి గుడి కూడా అలాగే మంచాలకట్ట నుంచి వచ్చినదే. దేవుళ్ళు కూడా నిర్వాసితులే అయ్యారన్నమాట! ఎగువన అవతలి ఒడ్డున ఉన్న సంగమేశ్వరుడు మాత్రం కదలలేదు. ఏటా కొన్ని నెలలు నీళ్ళలో ఉండి, నీళ్ళు తగ్గినప్పుడు పైకి వచ్చి పూజలందుకుంటాడు. ఆయన లింగం వేప కొయ్యదని ప్రతీతి.

గుడి నుంచి రేవుకు దిగి, నీళ్ళ వెంట నడక ప్రారంభించాం. గట్టు పొడుగునా నీళ్ళు దిగిన జాడలు మెట్లు మెట్లుగా ఉన్నాయి. వల ఆరేసుకుంటున్న జాలరి ఒకాయన, "ఒండ్రుల కాలు పెట్టకుండ్రి సారూ, దిగబడ్తది. మొసండ్లు గూడ ఉంటయి" అని హెచ్చరించాడు. మొసలి అనగానే మా వాడికి ప్రాణం లేచివచ్చింది. మా ఆవిడకు ప్రాణం పోయినంత పనైంది. ఆ ఉదయం మొసలి దర్శనమివ్వలేదుగాని పక్షులు లోటు తీర్చాయి.

నీటికాకులు రాళ్ళ మీద రెక్కలు చాచి, చాకిరేవులో బట్టల్లాగా ఆరబెట్టుకుంటున్నాయి. నలుపు తెలుపుల లకుముకి పిట్ట గాలిలో ఉన్నచోటనే నిలిచి రెక్కలాడించి, రాయి పడ్డట్టు నీళ్ళలో పడి చేపతో లేచింది. పసుపు ముక్కు, నల్ల టోపీ, చీలిన తోకగల తెల్లపిట్టలు కొన్ని నీళ్ళ మీద గస్తీ తిరుగుతున్నాయి. వీటిని ఇంగ్లీషులో రివర్ టెర్న్ అంటారు. ఎండాకాలంలో నదిలో తేలిన ఇసుక దిబ్బల మీద గుడ్లు పెడతాయి. ఆనకట్టలవల్ల నీటిమట్టం హఠాత్తుగా పెరిగితే ఆ గూళ్ళు మునిగిపోతాయి. ఈ జాతి ప్రపంచంలోనే తగ్గిపోతున్నదట.

ఇంతలో మా వాడు దుర్భిణి నాకందించి, "నాన్నా, ఆ కాషాయం రంగు బాతులేమిటి?" అన్నాడు. చూద్దును గదా, జక్కవలు! కావ్యాల్లో చక్రవాకాలన్నవి ఇవే. రాత్రి కాగానే జంట విడిపోయి, చెరొక ఒడ్డున విలపిస్తాయని కవులు ఎన్ని పద్యాలు ఖర్చు చేశారో లెక్కలేదు. లడఖ్, టిబెట్టు వంటి చలిదేశాల్లో పిల్లల్ని చేసుకుని, శీతాకాలానికి మన ఏళ్ళకు దిగుతాయి. రాత్రిళ్ళు కూడా మేస్తూ ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ఆ కేక విన్నవాడెవడో విరహమని అపోహపడి ఉంటాడు. మేము చూసినప్పుడు మాత్రం పది పన్నెండు, జంటలు జంటలుగా, పచ్చిక మొలిచిన మిట్ట మీద నిక్షేపంగా మేస్తున్నాయి.

మా అత్తగారు దుర్భిణి అక్కరలేకుండానే అటు చూస్తున్నారు. పక్షుల్ని కాదు, వాటి వెనక కొండను. చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, "గా గుట్ట మా కల్లం కాడికెల్లి గిట్లనే కనబడుతుండె" అన్నారు. మా ఆవిడ, "ఏదమ్మా, ఇల్లెక్కడ?" అంది. ఆమె చూపించిన చోట నీళ్ళు ఎండకు తళతళలాడుతున్నాయి. మా ఆవిడ ఆ నీళ్ళనే చూస్తూ నిలబడిపోయింది. నేను పిల్లలను తీసుకుని నాలుగడుగులు ముందుకు నడిచాను.

అప్పుడు తీతువు పిట్ట నెత్తిమీద అరవడం మొదలుపెట్టింది. మన ఇళ్ళల్లో ఆ కూత అశుభమని చెవులు మూసుకుంటారు, అందులో మా అత్తగారు మొదటివారు. పిట్ట ఊరుకోక మా వాడి తలమీదికి దూకుతూ వచ్చింది. వాడు ఆగిపోయి కింద చూస్తే, వాడి కాలికి జానెడు దూరంలో గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు! మట్టిరంగు మీద నల్లమచ్చలు, ఏవి రాళ్ళో ఏవి గుడ్లో తెలియదు. చిన్నది ఒకటి ముట్టుకుంటానని వంగింది.

"ముట్టకు బిడ్డా!" అని మా అత్తగారు వెనకనుంచి గట్టిగా కేకవేశారు. అంత వడిగా ఆమె నడవడం నేను చూడలేదు. ఇద్దరినీ చేతులు పట్టుకుని ఇవతలికి లాగి, పైన అరుస్తున్న పిట్టను చూస్తూ, "పోతున్నంలే తల్లీ, పోతున్నం. నీ ఇల్లు నీకే" అన్నారు. ఆ పిట్ట నమ్మలేదనుకుంటాను, మేము ఇరవై గజాలు పోయినదాకా అరుస్తూనే ఉంది.

ఎండ ముదిరింది. రేవుకు తిరిగివచ్చి, పొద్దున్నే చేసి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. పక్కనే చేపలు వేయిస్తున్న వాసన వస్తూ ఉంటే మా వాడి మనసు పులిహోర మీద లేదు. అత్తగారు వల ఆయన దగ్గరికి వెళ్ళి ఏదో అడిగి వచ్చారు. నాతో నేరుగా మాట్లాడే అలవాటు ఆమెకు మొదటినుంచీ లేదు.

"వైశాఖంల నీళ్ళు ఇంకా దిగుతయంట. మా బాయి గడ్డ తేలుతదంటున్నడు" అన్నారు మా ఆవిడతో. "అప్పుడు సెలవు దొరుకుతదో లేదో మీ ఆయనను అడుగు."