ఆ ఎడారి మనిషే ఈ గవర్నరా?

స్కూల్లో జాగ్రఫీ టీచర్ ఆస్ట్రేలియా మ్యాప్ చూపిస్తూ "లేక్ ఎయిర్" అంటే గాలి సరస్సు కాబోలు అనుకున్నాను. ఎక్కువకాలం నీళ్లే లేని ఉప్పు సరస్సు కదా, సరిపోయిందిలే అనుకున్నా. అది ఎడ్వర్డ్ జాన్ ఎయిర్ అనే మనిషి పేరని ఈ ఏడాదే తెలిసింది.

ఇంగ్లండు వదిలి ఆస్ట్రేలియా చేరేనాటికి అతనికి 17 ఏళ్లు. నాకన్నా రెండేళ్లు చిన్న! 1841లో దక్షిణ తీరం వెంట పడమరకి బయల్దేరాడు. తోడు బాక్స్టర్ అనే తెల్లవాడు, ముగ్గురు ఆదివాసీ కుర్రాళ్లు. ఏప్రిల్ 29 రాత్రి ఇద్దరు కుర్రాళ్లు బాక్స్టర్‌ని కాల్చి, తిండీ తుపాకులూ పట్టుకుని పారిపోయారు. అంతా రాతినేల, గొయ్యి తవ్వడానికి లేదు. శవాన్ని దుప్పట్లో చుట్టి వదిలి రావాల్సి వచ్చింది. వైలీ ఒక్కడే మిగిలాడు. నీళ్లు లేనిచోట పొద్దున్నే ఆకుల మీది మంచుని స్పాంజితో అద్ది పిండుకున్నారట. దారిలో ఒక ఫ్రెంచి తిమింగల వేట ఓడవాళ్లు తిండి పెట్టారు. జులై 7న వైలీ సొంతూరు ఆల్బనీ చేరారు. చచ్చిపోయాడనుకున్న పిల్లాణ్ణి చూసి అతనివాళ్లు ఏడ్చేశారు.

తర్వాత ఎయిర్ మర్రీ నది దగ్గర మేజిస్ట్రేటు, ఆదివాసుల రక్షకుడు. వాళ్ల భూమి లాక్కుని వాళ్లనే తప్పుపడతారేమని 1845లో పుస్తకం రాశాడు. ఇక్కడిదాకా నాకు భలే నచ్చాడు.

1865కి జమైకా గవర్నరు. అక్టోబరు 11న మొరాంట్ బేలో పాల్ బోగిల్ వెంట వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. జనం కోర్టు తగలబెట్టారు. రెండువైపులా చచ్చారు. ఎయిర్ మార్షల్ లా పెట్టాడు. 400 మందికి పైగా చంపారు, సుమారు 600 మందిని కొరడాలతో కొట్టారు, వెయ్యి ఇళ్లు కాల్చారు. అసెంబ్లీలో తనని ఎప్పుడూ విమర్శించే జార్జి విలియం గోర్డన్‌ని, మార్షల్ లా లేని కింగ్‌స్టన్‌లో పట్టుకుని, ఓడలో మొరాంట్ బేకి తీసుకెళ్లి ఉరి తీయించాడు.

ఎయిర్‌ని హత్యానేరం కింద విచారించాలని జాన్ స్టూవర్ట్ మిల్ పట్టుబట్టాడు. కార్లైల్, డికెన్స్ మాత్రం ఎయిర్ పక్షం. పొలిటికల్ సైన్సులో మిల్‌నీ, ఇంగ్లీషులో డికెన్స్‌నీ చదువుతున్నదాన్ని. డికెన్స్ పేరు ఆ వైపు చూసి నిజంగా బాధేసింది.

పదవి వచ్చాక మారిపోయాడే అంది నా ఫ్రెండు. నాకలా అనిపించట్లేదు. వైలీ అతని చేతికింద ఉన్నాడు, జాలిపడ్డాడు. గోర్డన్ సమానంగా నిలబడి తప్పంటే తప్పన్నాడు. అలాంటివాడు అంతకుముందు ఎయిర్‌కి ఎదురుపడలేదేమో.

ఎయిర్‌కి శిక్ష పడలేదు. 1874లో పెన్షన్ కూడా ఇచ్చారు. వైలీకి బహుమతిగా దొరికింది వారంవారం ప్రభుత్వం ఇచ్చే రేషన్.