జగ్గన్నతోటలో కనుమ

నజ్రాన్‌లో చలికాలం నారింజ తోటలు చూస్తే నాకు మా కోనసీమ జగ్గన్నతోటే గుర్తొస్తుంది. మొసలపల్లి దగ్గరి కొబ్బరితోట అది. గుడి లేదు. కనుమ నాడు 11 ఊళ్ళ శివుళ్ళు ప్రభలమీద వచ్చి అక్కడే కలుస్తారు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పెరేడ్‌లో ఆంధ్ర శకటం ఈ తీర్థమే.

ఆరేళ్ళ తర్వాత, 2024లో పండక్కి సెలవు దొరికింది. గంగలకుర్రు ప్రభ కౌశిక దాటి, వరిచేలు తొక్కుకుంటూ వచ్చింది. మా చేను కూడా నలిగింది. అయ్యో అన్నాను.

"దేవుడు నడిచిన చేనురా, బాగా పండుద్ది" అన్నాడు నాన్న. ఏటా ప్రభ మోసే మనిషి, ఈసారి గట్టుమీదే నిలబడి నన్ను పొమ్మన్నాడు.

భుజం కాయకట్టింది. ఇన్నేళ్ళూ ఇంటికి డబ్బు పంపాను గానీ భుజం పంపలేకపోయాను. అన్నలారా, పండగ సెలవు ముందే అడిగి పెట్టుకోండి.